గాలి అడిగితే నిజమే చెప్పాలి

లారిసా, ఏప్రిల్ 22, 1996

యాకొవోస్,

ఈస్టరు పండక్కి ఎర్రరంగు వేసిన కోడిగుడ్లు పంపలేదని అలిగి కూర్చున్నావేమో. పోయినేడు పంపినవి మీ ఊరు చేరేసరికి ఏ వాసన కొట్టాయో మీ పోస్టుమాన్ ఇంకా మర్చిపోయి ఉండడు. అందుకే ఈసారి ఉత్తరమే పంపుతున్నాను. దీనికి కుళ్ళే గుణం లేదు.

కుట్టు దుకాణం మూసేశాను. నలభై ఏళ్ళు తొక్కిన మిషను, ఇప్పుడు మీద పూలకుండీ పెట్టుకుని మూలన కూర్చుంది. అసలు సంగతి అది కాదు. మా అబ్బాయి థెమిస్ తెరచాప పడవ నడిపే పరీక్ష పాసయ్యాడు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పుకునేవాడికి ఇదేం పిచ్చి అనకు, వాడి తాత రక్తం ఎక్కడికి పోతుంది? ఈ ఏడు సెలవుల్లో ఒక పడవ అద్దెకు తీసుకుని నన్ను మన దీవికి, డొనూసాకు తీసుకొస్తానంటున్నాడు. ఏథెన్సు దగ్గరి లావ్రియో రేవులో ఎక్కడం, మళ్ళీ లావ్రియోలోనే అప్పజెప్పడం.

నేను చివరిసారి ఊరికి వచ్చింది నాన్న పోయినప్పుడు. పదకొండేళ్ళయింది. పెద్ద ఓడ అడుగున, కారు టైర్ల మధ్య కూర్చుని వాంతులు చేసుకుంటూ వచ్చాను. ఈసారి అలా వద్దు. గాలితో, సముద్రం వైపు నుంచి రేవులోకి రావాలి. నాన్న నీకు గాలి నేర్పాడు, నాకు కుట్టు మిషను కొనిచ్చాడు. ఆడపిల్లకి గాలెందుకు అన్నాడు. పెళ్ళయి ఈ మైదానంలోకి వచ్చాక నాకు ఫ్యాను గాలి తప్ప వేరే గాలి తగల్లేదు. ఇప్పుడు అరవై మూడేళ్ళకు అడుగుతున్నాను, చెప్పు. ఏ నెలలో రావాలి? గాలి ఎటు నుంచి వస్తుంది? రావడానికి ఎన్ని రోజులు, పోవడానికి ఎన్ని? తెలిసినవాడికి రాసినట్టు రాయకు. పిండి కలపడం నేర్పినట్టు రాయి.

రేవులో ఎవడైనా గాలి అడిగితే, వాడు పగవాడైనా సరే నిజమే చెప్పాలనేవాడు నాన్న. చేపలెక్కడ పడ్డాయో దాచుకోవచ్చు, పడవ ఎంతకు కొన్నావో దాచుకోవచ్చు, గాలి మాత్రం దాచకూడదు. నేను నీకు పగదాన్ని కూడా కాను.

మోకాళ్ళకు కర్పూరం నూనె రాసుకుంటున్నావా?

మీ అక్క
మోస్కూలా


డొనూసా, మే 6

అక్కా,

ఇది నీకు పంపను. పంపేది వేరే రాస్తాను. ఇది మాత్రం ఎక్కడో ఒకచోట రాయకపోతే నాకు అన్నం సహించేలా లేదు.

నాన్న పడవ లేదు. పోయిన అక్టోబరులో దాన్ని ముక్కలు చేయించాను. మునిగిపోలేదు, కొట్టుకుపోలేదు. నేనే సంతకం పెట్టి చేయించాను. చెక్క పడవలు ఎక్కువయ్యాయట, చేపలు తక్కువయ్యాయట. చేపల వేట అనుమతి తిరిగి ఇచ్చేస్తే ప్రభుత్వం డబ్బిస్తుంది, కానీ పడవను అందరి ముందూ రేవులోనే విరగ్గొట్టాలి. అమ్ముకోవడానికి లేదు, ఒడ్డున ఊరికే ఉంచుకోవడానికీ లేదు. నా మోకాళ్ళు వంగడం లేదు. వలలో రాళ్ళు తప్ప ఏమీ పడటం లేదు. అలా అనుకునే పెట్టాను సంతకం.

పక్క దీవి నాక్సోస్ నుంచి మట్టి తవ్వే యంత్రం వచ్చింది. నడిపేవాడు కుర్రాడు, మర్యాదగలవాడు. "పెద్దాయనా, నువ్వు కాఫీ కొట్టులో కూర్చో. ఇది చూసేది కాదు," అన్నాడు. నేను కదల్లేదు. ఇనప చెయ్యి లేచి ముందు పక్క మీదే పడింది, పేరు రాసి ఉన్న చోట. ఆ పేరు నీదే కదా అక్కా. నాన్న నిన్ను ఒక్కరోజు కూడా ఎక్కించుకోకుండా నీ పేరు మాత్రం పెట్టుకున్న పడవ. పావుగంటలో అయిపోయింది. "మోస్కూలా అయిపోయింది, ఇక తాగడానికేమైనా ఇప్పించు," అన్నాడు ఆ కుర్రాడు పాపం, ఏమనాలో తెలియక.

ఇప్పుడు నువ్వు సముద్రం వైపు నుంచి వస్తానంటున్నావు. అటు నుంచి వస్తే మొట్టమొదట కనిపించేది అది కట్టే చోటే.

గాలి సంగతి నిజంగా చెప్పాలంటే ఇదీ. జూన్ మొదట్లో రండి, లేదా సెప్టెంబరు పది దాటాక. జూలై మధ్య నుంచి ఆగస్టు చివరిదాకా మెల్తెమి, ఉత్తరపు గాలి. మబ్బుండదు, వానుండదు, ఆకాశం కడిగినట్టుంటుంది. అందుకే కొత్తవాళ్ళు మోసపోతారు. దూరపు దీవులు దగ్గరికి జరిగినట్టు కనిపించి, కొండ నెత్తిన మబ్బు టోపీ పెట్టుకుందంటే ఆ రోజు కదలకూడదు. వచ్చేటప్పుడు గాలి వీపు మీద చెయ్యేసి తోస్తుంది, హాయిగా ఉంటుంది. తిరిగి పోయేటప్పుడు అదే గాలి మొహాన కొడుతుంది. రావడానికి మూడు రోజులైతే పోవడానికి ఆరు పెట్టుకోవాలి.

ఇంతే. ఇది రాయడానికి నాకేం కష్టం కాలేదు చూశావా. ఈ కాగితం నాన్న టోపీ కింద పెడుతున్నాను.


డొనూసా, మే 9

అక్కకి యాకొవోస్ నమస్కారాలు.

ఇక్కడ అంతా కులాసా. మేకలు ఈనాయి, కేపరు మొగ్గలు కోతకొచ్చాయి, ఉప్పులో వేసి నీకో సీసా పంపుతాను. థెమిస్ పరీక్ష పాసైనందుకు కాఫీ కొట్టులో అందరికీ నా తరఫున రాకీ పోయించాను. వాళ్ళూ వాణ్ణి దీవించారు, రెండో గ్లాసు కోసం ఇంకాస్త ఎక్కువగా దీవించారు.

గాలి గురించి అడిగావు. జూన్‌లో రాకండి. సముద్రం చచ్చిపడి ఉంటుంది, తెరచాప విప్పి ప్రయోజనం ఉండదు. సెప్టెంబరులో దక్షిణపు గాలి తగులుతుంది, మన రేవు దక్షిణానికి తెరుచుకుని ఉంటుంది కదా, లంగరు నిలవదు. ఆగస్టు మొదటి వారం మంచిది. గాలి వెనక నుంచి ఉంటుంది. వారం రోజులు చాలు.

దారి కూడా చెబుతాను. నాక్సోస్ ఉత్తరపు కొమ్ము చుట్టి రావద్దు. దానికి దక్షిణంగా దిగి కూఫొనీసీ దీవికి రండి. అక్కడి నుంచి మన ఊరు చెయ్యి చాపితే అందేంత దూరం. ఒకవేళ ఆ రోజు ఇటు రావడానికి కుదరకపోతే కంగారు పడొద్దు. అక్కడే ఉండండి, చిన్న ఓడ ఎక్కి నేనే వస్తాను. అక్కడ అన్నం హోటళ్ళు కూడా బాగుంటాయి.

నాన్న పడవ బాగానే ఉంది. మొన్ననే నీలం రంగు వేశాను. మోకాళ్ళు కూడా బాగానే ఉన్నాయి.

నీ తమ్ముడు


లారిసా, మే 27

ఒరేయ్ యాకొవోస్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి గట్టిగా చదివితే థెమిస్ అడ్డం వచ్చాడు. వాడో పుస్తకం కొన్నాడులే, ఇటుకంత ఉంది. అందులో ఆగస్టు పేజీ నిండా బాణాలే, అన్నీ ఉత్తరం నుంచి దిగుతున్నాయి. "అమ్మా, కూఫొనీసీ నుంచి డొనూసా ఉత్తరం వైపే కదా. ఆగస్టులో అటు ఎదురుగాలి. మామయ్య పొరపాటున రాశాడేమో," అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "ఆ పుస్తకం రాసినవాడు ఎన్నాళ్ళున్నాడురా మా సముద్రం మీద? మీ మామయ్య ఏడేళ్ళప్పటి నుంచి ఆ నీళ్ళలో ఉన్నాడు," అన్నాను. వాడు మూతి ముడుచుకుని పడవకు కబురు పంపాడు. ఆగస్టు మూడు శనివారం ఎక్కుతాం, పదో తేదీ శనివారం సాయంత్రం లోపు అప్పజెప్పాలి. ఒక్కరోజు ఆలస్యమైనా కుదరదట, వెనకే వేరేవాళ్ళు కాచుకుని ఉంటారట.

నేను ఊరికే కూర్చోలేదు. ఒక తెల్ల గుడ్డ మీద ఎనిమిది గాలులూ కుడుతున్నాను, ఒక్కోదానికి ఒక్కో రంగు దారం. ఉత్తరానికి తెలుపు, దక్షిణానికి ఎరుపు. పడమటి గాలి దగ్గర ఆకుపచ్చ దారం అయిపోయింది. అది మీ బల్ల మీద పరుస్తాను. తప్పుగా కుట్టిన గాలి ఏదైనా ఉంటే నువ్వే విప్పాలి.

నల్లపూస అయిపోయావు నువ్వు నాకు. వస్తున్నాను.

మోస్కూలా

తా.క. ఒంట్లో బాగా లేకపోయినా, మనసులో ఏమైనా ఉన్నా నాకు రాయొచ్చు. నేను ముసలిదాన్నయ్యాను, కొరికే పళ్ళు ఊడిపోయాయి.


డొనూసా, జూలై 29, సోమవారం

అక్కా,

రావద్దు.

ముందు ఈ ఒక్క మాట చదివి థెమిస్‌కు చెప్పు, తర్వాత మిగిలింది చదువు. నేను నీకు గాలి విషయంలో అబద్ధం రాశాను. థెమిస్ పుస్తకమే నిజం. ఆగస్టు మొదటి వారమంటే మెల్తెమి నడినెత్తి. కూఫొనీసీ దాకా సుఖంగా వస్తారు, అక్కడి నుంచి మన ఊరికి రాలేరు. అది నాకు తెలిసే రాశాను. మీరు అక్కడ ఆగిపోతారని, నేను ఓడలో వచ్చి మిమ్మల్ని చూసి, అక్కడి నుంచే సాగనంపుదామని నా ఎత్తు. తిరుగు ప్రయాణం గురించి ఆలోచించలేదు. ఆలోచించలేదనడం కూడా అబద్ధమే. ఆలోచన వచ్చినప్పుడల్లా లేచి మేకల దగ్గరికి వెళ్ళిపోయాను.

ఎందుకు చేశానో ఇంకో కాగితంలో ఉంది, దీనితో పెడుతున్నాను. మే ఆరున రాసింది. నాన్న టోపీ కింద మూడు నెలలుంది.

నీ మాటలు నన్ను తినేస్తున్నాయి, ఆ బాణాల పుస్తకాన్ని కాదని నా మాట పట్టుకున్నావే, అది. ఈ ఊళ్ళో మనిషిని తన్నినవాడు ఉన్నాడు, మేకల్ని దొంగిలించినవాడు ఉన్నాడు, వాళ్ళతో కూర్చుని కాఫీ తాగుతారు. గాలి అడిగితే అబద్ధం చెప్పినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడూ లేడు. మొదటివాణ్ణి నేనే.

మంగళవారం. ఈ ఉత్తరం సంచీలో వేశాను కానీ ఓడ రాలేదు. పొద్దున లేచేసరికి కొండ టోపీ పెట్టుకుంది. ఇక్కడ గాలి జోరు ఏడు బోఫోర్లు, రేవు దాటి ఏ ఓడా కదలకూడదన్నారు. కాఫీ కొట్టు నుంచి ఫోను చేశాను. థెమిస్ ఎత్తాడు. కొట్టు నిండా జనం, గాలికి పని లేక అందరూ అక్కడే ఉన్నారు. "అమ్మకి చెప్పు," అన్నాను. "ఏం చెప్పను మామయ్యా?" అన్నాడు. నా వెనక తావ్లీ ఆట పాచికలు ఆగిపోయాయి. గాలి గురించి అబద్ధం చెప్పానని వాళ్ళందరి ముందూ ఎలా అనను? "జాగ్రత్తగా రమ్మను," అని పెట్టేశాను. ఒక నిమిషం సిగ్గు విడిచి ఉంటే సరిపోయేది. విడవలేదు.

గురువారం సాయంత్రం. సిగ్గు విడిచాను. కొట్టులో అందరూ వింటుండగానే ఫోను తీశాను. నాలుగుసార్లు మోగించినా ఎవరూ ఎత్తలేదు. మీ పక్కింటి నంబరు ఆపరేటరును అడిగి పట్టుకుంటే, పొద్దున్నే ఏథెన్సు వెళ్ళిపోయారంది. పడవ పేరు నువ్వు రాయలేదు, ఎవరి దగ్గర తీసుకున్నారో రాయలేదు. లావ్రియో రేవు వాళ్ళకు రేడియోలో చెప్పించాను. "ఏ పడవ తాతా? ఇక్కడ శనివారం రెండొందలు కదులుతాయి," అన్నారు. పోస్టు సంచీ ముడి విప్పించి ఇది రాస్తున్నాను. రేపైనా ఓడ వస్తే బాగుండు. వచ్చినా ఇప్పుడు ఏం లాభం?

యాకొవోస్


సీరోస్ ఆసుపత్రి, ఆగస్టు 12

యాకొవోస్‌కి,

థెమిస్ చేత రాయిస్తున్నాను. నా కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది, రెండు పక్కటెముకలు బీటలు వారాయి. చావను, నీకు ఆ శ్రమ ఇవ్వను.

నువ్వు చెప్పిన దారినే వచ్చాం. మొదటి మూడు రోజులు నా బతుకులో అంత సుఖం ఎరగను. గాలి వెనక నుంచి తోస్తుంటే వంట కూడా చేశాను, థెమిస్ నా చేత కాసేపు చుక్కాని పట్టించాడు. మంగళవారం మధ్యాహ్నానికి కూఫొనీసీ చేరాం. నీ కొండ కనిపించింది, నెత్తిన మబ్బుతో. చెయ్యి చాపాను కూడా, నువ్వు చెప్పావు కదా అందుతుందని. ఆ సాయంత్రం గాలి పెరిగింది. బుధవారం అటు రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ వెనక్కి వచ్చాం.

"మామయ్య వస్తానన్నాడు, ఆగుదాం," అన్నాను. మంగళ, బుధ, ఆ రెండు రోజులూ పడవలో లేనంతసేపూ గట్టు మీదే కూర్చున్నాను. ఆ గుడ్డ ఒళ్ళో పెట్టుకుని. ఓడ లేదని అందరూ అన్నారు, నేను నమ్మలేదు. నువ్వు ఓడ లేకపోయినా వస్తావనుకున్నాను. నాన్న పడవలో వస్తావని కాదు, ఎలాగో ఒకలా.

గురువారం థెమిస్ ఇక ఆగకూడదన్నాడు. శనివారానికి పడవ అప్పజెప్పాలి. గాలికి ఎదురు. పారోస్ దీవి దాటాక నేను చెప్పలేను. పెద్ద తెరచాప చిరిగింది, ఇంజను ఆగింది, నేను పడవ లోపలి గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్ళి పడ్డాను. రేవు గస్తీవాళ్ళు తాడేసి ఇక్కడికి లాక్కొచ్చారు.

ఒక్కటే అడుగుతున్నాను. అక్కడ ఆగస్టులో గాలి ఇలా వస్తుందని నీకు తెలియదా? నీకా?

మోస్కూలా

మామయ్యా, అమ్మ నిద్రపోయింది, ఇది నా మాట. పెనం మీద వేసినట్టు పడవ ఎగిరెగిరి పడుతుంటే అమ్మ ఒక్కసారి కూడా మిమ్మల్ని ఏమీ అనలేదు. "వాడికేదో అయి ఉంటుంది, లేకపోతే వాడు వచ్చేవాడు," అని ఏడ్చింది. తప్పు నాదే. నాకు పుస్తకం ఉంది, కళ్ళున్నాయి. అమ్మ మాటకు ఎదురు చెప్పలేక తల ఊపాను. ఆ రోజు ఫోనులో మీరు ఏదో చెప్పబోయారు. నేను మళ్ళీ చేసి అడగాల్సింది. థెమిస్.


డొనూసా, ఆగస్టు 19

అక్కా,

మధ్యలో గాలి కాస్త తగ్గినా మన చిన్న ఓడను వదల్లేదు, తొమ్మిదో తేదీనే కదిలింది. నా ఉత్తరం ఈపాటికి లారిసాలో మీ తలుపు సందులో పడి ఉంటుంది. నువ్వు అడిగినదానికి జవాబు అందులో ఉంది. తెలుసు అక్కా. నాకే తెలుసు.

ఆ రెండు రోజులూ నేను మన రేవు గట్టు మీదే ఉన్నాను. నువ్వు అటు, నేను ఇటు. మన ఊళ్ళో చేపలు పట్టే మిహాలిస్‌ను, వాడి చిన్న పడవ ఇవ్వమని అడిగాను. "పిచ్చా నీకు? ఈ గాలిలో బయటికి పోతే నిన్ను కూడా వెతకాలి," అని తాడు నా చేతిలోంచి లాక్కున్నాడు. అప్పుడు వాడికి చెప్పాను, అందరికీ చెప్పాను, గాలి విషయంలో నేనేం చేశానో. ఎవరూ తిట్టలేదు. నాకు దూరంగా జరిగి కూర్చున్నారు, అంతే.

మరియమ్మ తల్లి పండక్కి గుడికి వెళ్ళాను, లోపలికి పోలేదు. నీ మణికట్టు పేరు చెప్పి బయటే ఒక కొవ్వొత్తి వెలిగించాను. గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించాను.

థెమిస్ తప్పు అనుకోనివ్వకు. వాడు నిజం చదివాడు, నేను అబద్ధం రాశాను.

నన్ను క్షమించమని అడగను. అడిగే మొహం లేదు.

యాకొవోస్


లారిసా, సెప్టెంబరు 5

ఒరేయ్ తమ్ముడూ,

ఎడమ చేత్తో రాస్తున్నాను. మొదటి తరగతి పిల్ల రాసినట్టుంటుంది, ఓపిగ్గా చదువుకో.

నీ ఉత్తరాలు చదివాను, టోపీ కింది కాగితంతో సహా. ఇప్పుడు నువ్వొక పని చెయ్యి. నేను రాసినవి ఉంటే తీసి మళ్ళీ చదువు. ఏప్రిల్‌లో గానీ మేలో గానీ నాన్న పడవ ఎలా ఉందని ఒక్క ముక్కయినా అడిగానా?

అడగలేదు. ఎందుకంటే నాకు తెలుసు. మన ఊరి రొట్టెల కొట్టు అనెజో పోయిన నవంబరులో ఇక్కడికి, కూతురి కాన్పుకు వచ్చింది. నాకు చొక్కా కొలతలిస్తూ చెప్పేసింది, యంత్రం, ఆ కుర్రాడు, నువ్వు కదలకుండా నిలబడటం, అన్నీ. ఆమె వెళ్ళాక ఏడ్చాను. ఏడుపయ్యాక కోపం వచ్చింది. పడవ పోయినందుకు కాదు, నాకు చెప్పనందుకు. చెప్పనీ, వాడి నోటితో వాడే చెప్పనీ అని పంతం పట్టాను. సముద్రం వైపు నుంచి వస్తానంటే నువ్వు చెప్పక తప్పదనుకున్నాను. అందుకే వేశాను ఆ ఎత్తు. గాలి నేర్చుకోవాలన్నది నిజమే, కానీ సగమే నిజం.

నీలం రంగు వేశానని నువ్వు రాసినప్పుడు నవ్వాను. పడవ లేదు, రంగెక్కడ వేశాడు వీడు అని. అంటే ఆ ఉత్తరంలో నువ్వు అబద్ధమాడుతున్నావని నాకు అప్పుడే తెలుసు యాకొవోస్. అదే కాగితంలో పైన గాలి గురించి రాశావు. అది మాత్రం నమ్మాను. థెమిస్ పుస్తకం చూపించినా నమ్మాను. వీడు దేని గురించి అబద్ధం చెప్పినా గాలి గురించి చెప్పడు అనుకున్నాను.

అది తలుచుకుంటే చెయ్యి కన్నా ఎక్కువ నొప్పిగా ఉంది. దాచను.

కానీ ఇంకో నొప్పి కూడా ఉంది. నవంబరులోనే "నాకు తెలిసిందిరా, పోనీలే, నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి" అని ఒక్క కార్డు ముక్క రాసి ఉంటే నీకు ఈ అబద్ధం అవసరమయ్యేది కాదు. నా కొడుకును ఆ నీళ్ళలోకి తీసుకెళ్ళింది సగం నువ్వు, సగం నా పంతం. వాడు రాత్రంతా చిరిగిన తెరచాపను చేతులతో పట్టుకుని ఉన్నాడు, వేళ్ళ చర్మం లేదు. వాడికి ఇద్దరం బాకీ.

ఇరవయ్యో తేదీన కట్టు విప్పుతారు. ఆ గుడ్డ ఉప్పునీళ్ళకు రంగు దిగింది, తెలుపూ ఎరుపూ కలిసిపోయాయి. ఉతికి ఆరేశాను.

ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. ఏ నెలలో రావాలి? గాలి ఎటు నుంచి?

మోస్కూలా


డొనూసా, సెప్టెంబరు 13

అక్కా,

గాలి చెబుతున్నాను.

ఇవాళ ఉత్తరపు గాలే, మూడు బోఫోర్లు, పొద్దు వాలేసరికి తగ్గిపోతోంది. మెల్తెమి అయిపోయినట్టే, అయినా నాలుగైదు రోజులు చూడాలి. ఇరవై నుంచి అక్టోబరు మొదటి వారం దాకా మెత్తగా ఉంటుంది. తర్వాత దక్షిణపు గాలి, వానతో వస్తుంది, ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కాబట్టి ఇరవై ఎనిమిది దాటాక రా, కట్టు విప్పి వారమవుతుంది. తిరుగు టిక్కెట్టు ముందే కొనకు. పోయే రోజు గాలి చూసి పోదువు గాని.

నాక్సోస్ దాకా పెద్ద ఓడలో రా. థెమిస్‌నూ తీసుకురా, వాడి కాళ్ళు పట్టుకోవాలి నేను. అక్కడికి మిహాలిస్ పడవ తీసుకుని వస్తాను. వాడు ఇస్తానన్నాడు, అడిగింది నేను కాదు, వాడే అన్నాడు. దానికి చిన్న తెరచాప ఉంది. పొద్దున్నే బయల్దేరితే గాలి లేచేలోపు సగం దారి వస్తాం. మిగతా సగం గాలిలో. చుక్కాని నువ్వు పట్టుకోవాలి. ఎడమ చెయ్యి చాలు, గట్టిగా పట్టుకునేది కాదు, అది నేను చెబుతాను. బుగ్గ మీద గాలి ఎటు తగులుతోందో చూస్తూ ఉండాలి, అంతే, నాన్న నాకు చెప్పింది కూడా అంతే.

రేవు మూతి దాటగానే ఎడమ వైపు గట్టుకు ఒక ఇనప రింగు ఉంటుంది, తుప్పు పట్టింది. నాన్న పడవ కట్టే చోటు. అక్కడ ఏమీ లేదు. ఊళ్ళో ఎవరూ ఇంతవరకు తమ పడవ అక్కడ కట్టలేదు.

మనం అక్కడే కడదాం. తాడు నువ్వు విసురు.

యాకొవోస్